ఎల్లస్వామి తెల్లకుచ్చు

పసిగుడ్డు పుడితే ఏ ఇల్లయినా తలుపులు బార్లా తెరుచుకుంటుంది. లచ్చయ్య ఇల్లు మాత్రం మూసుకుంది.

కల్వకుర్తి దాటాక శ్రీశైలం రోడ్డు విడిచి లోపలికి జరిగిన ఊరు అది. లచ్చయ్య బిడ్డ హనుమమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. గొంతు గట్టిది, కాలూ చెయ్యీ సక్రమంగా ఉన్నాయి. కానీ తడి తుడుస్తున్న మంత్రసాని గుర్వమ్మ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. నుదుటికి పైన, నల్లటి జుట్టులో, చిటికెడు పత్తి అంటించినట్టు తెల్లటి కుచ్చు.

ఊళ్లో అలాంటి కుచ్చు ఒక్కడికే ఉండేది. దొరల మీద తిరగబడ్డ సంఘం మనిషి ఎల్లస్వామికి. రజాకార్ల రోజుల్లో అతను లచ్చయ్య గడ్డివాము చాటున కొన్నాళ్లు తలదాచుకున్నాడు. ఒక పొద్దున దొర మనుషులు తుపాకులతో తరుముతుంటే పరుగెత్తుకొచ్చి ఈ ఇంటి తలుపే కొట్టాడు. లోపల లచ్చయ్య గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. గడప ముందే కాల్చేశారు. తర్వాత లచ్చయ్య ఆ తలుపు తీసేసి కొత్తది పెట్టించాడు. ఏం లాభం? దాని మీద ఎవరి చెయ్యి పడినా ఇప్పటికీ ఉలిక్కిపడతాడు.

చచ్చినవాళ్లలో ఎవరు మళ్లీ పుట్టారో చూడటానికి గుర్వమ్మకు ఒక పద్ధతి ఉంది. కంచు గిన్నెలో నీళ్లు పోసి, ఒక్కో పేరూ పిలుస్తూ రెండు జొన్న పేలాలు వదులుతుంది. లచ్చయ్య తండ్రి పేరుకు అవి ఎడంగానే తేలాయి. అవ్వ పేరుకు కూడా అంతే. ఎల్లస్వామి పేరు పలికేసరికి, ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు జరిగి జరిగి అతుక్కున్నాయి.

"పగ పట్టి వచ్చిండు," అన్నాడు లచ్చయ్య. "నా గడప తొక్కొద్దు."

తల్లీబిడ్డలను కాన్పయిన గొడ్ల కొట్టంలోనే ఉంచాడు. పురుడు స్నానం కాగానే, శ్రీశైలం పోయే జంగమోళ్ల చేతుల్లో ఆ పసివాణ్ణి పెట్టి పంపేయాలి. అల్లుడికి, పిల్లగాడు దక్కలేదని కబురు చెయ్యాలి. అదీ ఆయన చేసిన తీర్మానం.

ఆ స్నానం రోజునే కొడుకు యాదయ్య హైదరాబాదు నుంచి బస్సు దిగాడు. బీఎస్సీ చదువుతున్నాడు. సంగతి విని వాకిట్లోనే నిలబడిపోయాడు. కొట్టం గుమ్మంలో తల్లి నర్సింగమ్మ, హనుమమ్మను కూర్చోబెట్టి తలకు నూనె పెడుతోంది. చెల్లెలి ఒళ్లో పిల్లవాడు నిద్రపోతున్నాడు. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, నువ్వన్న జెప్పరాదే," అంది హనుమమ్మ.

"జెప్పనియ్యి," అన్నాడు లచ్చయ్య అరుగు మీది నుంచి. "పట్నంల సదివెటోడు గదా. దయ్యం గాకపోతే గిదేందో జెప్పమను."

యాదయ్య పెరటి దారిన వంటింట్లోకి పోయి నాలుగు గుప్పిళ్ల గింజలు తెచ్చి తండ్రి ముందు కూర్చున్నాడు. జొన్న, కంది, సజ్జ, పెసర. అలికిన నేల మీద రెండు వరుసలు పేర్చాడు.

"మన ఒంట్ల కంటికి ఆనని పోగులుంటయి బాపూ. మెలి తిప్పిన నిచ్చెన లెక్క, రెండు వరుసలు. వాటిల నాలుగు తీర్ల గింజలే. కండ్లు, ముక్కు, ఎంటికెలు, అన్నిటికీ గీ వరుసలే ఆనవాలు. జొన్నకు ఎదురుంగ కంది దప్ప ఇంకోటి కూసోదు. సజ్జకు పెసరే."

"ఓయమ్మ, గింజలు గూడ వియ్యం జూసుకుంటయా?" అంది స్నానం పోయించడానికి వచ్చిన గుర్వమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"జూసుకుంటయి గుర్వవ్వా. గందుకే ఆ వంశం చెడదు." యాదయ్య రెండు వరుసల నడుమ వేలు పెట్టి విడదీశాడు. ఒక వరుసను ఊడ్చేశాడు. "ఇగో బాపూ, పోయిన వరుస నువ్వు పెట్టు."

లచ్చయ్య ముందు విసుక్కున్నాడు. తర్వాత వంగాడు. నాగలి పట్టి మొద్దుబారిన వేళ్లతో జొన్న పక్కన కంది, సజ్జ పక్కన పెసర పెట్టుకుంటూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు.

"గంతే! సగముంటే మిగిలిన సగం మళ్ల వస్తది. విడిపోయిన రెండు వరుసలకూ జోడు దొరికితే ఒక్క పోగు రెండైతది. పాత వరుస యాడికీ పోదు, కొత్తదాని పక్కనే కూసుంటది. గసొంటి పోగులు తల్లికెళ్లి కొన్ని, తండ్రికెళ్లి కొన్ని బిడ్డకస్తయి. ఇగ నడుమ దయ్యానికి జాగా యాడిది?"

లచ్చయ్య జొన్నగింజ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూశాడు. జన్మంతా కంకులు ఏరి విత్తనం కట్టినవాడు.

"అయితే దయ్యం గాదు. ఇత్తనం."

"ఔ బాపూ! ఇత్తనమే."

"మరి గీ ఇత్తనం ఏ గరిసెలకెళ్లి వచ్చింది?" లచ్చయ్య తల ఎత్తాడు. "అల్లుని తల జూసిన, వాళ్ల బాపుది జూసిన, వాళ్ల తాతది జూసిన. మనింట్ల లేనే లేదు. ఇత్తకుండ మొలిసిందా?"

యాదయ్య నోరు తెరిచాడు. జవాబు నాలుక చివరే ఉంది. ఈ కుచ్చు తరం దాటి దాక్కునే రకం కాదు. బిడ్డకు ఉందంటే తల్లికో తండ్రికో ఉండే ఉంటుంది. ఆ మాట అనబోతూ కొట్టం వైపు చూశాడు.

తల్లి చెయ్యి ఆగిపోయి ఉంది.

పురుటిమంచంలో ఉన్నన్నాళ్లు హనుమమ్మ తలకు నూనె లేదు. పాపిట మొదట్లో, నుదుటికి పైన, వెంట్రుకల కుదుళ్లు తెల్లగా మొలిచి ఉన్నాయి. వాటి మీద తల్లి వేలు. వేలి నిండా నల్లటి మసి. ఆముదంలో కలిపిన దీపం మసి.

చెల్లెలి తలను అమ్మ ఇంకొకరి చేతికి ఇవ్వకపోవడం, తలగడ గుడ్డలు కాకి పొర్లినట్టున్నాయని తాను ఎగతాళి చేయడం, అత్తగారింటికి పంపిన నూనె సీసా, అన్నీ ఒక్కసారిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. ఎల్లస్వామిని కాల్చిన ఏడాదే, చలి ముదిరాక, హనుమమ్మ పుట్టింది.

నర్సింగమ్మ కొడుకు కళ్లలోకి చూసింది. బతిమాలలేదు. తలుపు అవతలి నుంచి చూస్తున్న మనిషి చూపు అది.

యాదయ్య అరచేత్తో గింజలను కలిపేశాడు.

"నా సదువు గంతవరకే బాపూ. గుర్వవ్వ జెప్పిందే నిజం. ఎల్లస్వామే వచ్చిండు."

"జూసినవా!" గుర్వమ్మ తొడ చరుచుకుంది. "తిరిగి తిరిగి బీఎస్సీ గూడ నా పేలాల కాడికే వచ్చె!"

లచ్చయ్య నవ్వలేదు. "పగకే గదరా వచ్చింది?"

"పగ పట్టినోడు నోట్ల పండ్లు లేకుండ వస్తడా బాపూ? జాగా అడగనీకి వచ్చిండు. అప్పుడు తలుపు కొట్టిండు. మళ్ల కొడుతుండు. ఇప్పుడు గూడ తోలేస్తే ఆగుతడా? ఇంకో తీరుగ వస్తడు."

లచ్చయ్య చెదిరిన గింజలను చూశాడు. తర్వాత కొట్టం వైపు చూశాడు. హనుమమ్మ తలనే చూశాడో, పిల్లవాడి తలనో, ఎవరికీ అంతు చిక్కలేదు. లేచి వెళ్లి తలుపు బయటి గడియ తీశాడు. రెండు రెక్కలూ గోడకు ఆనేదాకా తెరిచాడు.

"లోపలికి దీస్కరా నర్సింగీ," అన్నాడు. ఇన్నేళ్లుగా ఆయన నోట రాని ఆ చచ్చినవాడి పేరు గొంతులో ఒరుసుకుంటూ బయటికి వచ్చింది. "ఎల్లస్వామిని."

హనుమమ్మ పిల్లవాణ్ణి తల్లి చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "అమ్మా, గీనికి గూడ నూనె వెట్టాల్నా?"

"గీనికెందుకు బిడ్డా," అంది నర్సింగమ్మ. "గీనికి పేరుంది."

ఎండలో ఆ తెల్లకుచ్చు తళుక్కుమంది. ఆమె పిల్లవాణ్ణి రొమ్ముకు అదుముకుని గడప దాటింది. దాటేటప్పుడు ఒక్క క్షణం కిందికి చూసింది, కింద ఎవరో పడి ఉన్నట్టు, తొక్కకుండా కాలు ఎత్తి పెట్టింది.

యాదయ్య వాకిట్లోనే ఉండిపోయాడు. తాను చెప్పింది అబద్ధమని అనుకుందామన్నా మనసు ఒప్పుకోవడం లేదు. గడియ పెట్టక ముందే ఆ మనిషి లోపలికి వచ్చేశాడు. మసి కింద, జడ కింద, ఈ ఇంటి అన్నమే తింటూ ఇన్నేళ్లు పెరిగాడు.

కోళ్లు గింజల మీద పడ్డాయి. వాటిని అదిలించి చూస్తే నేల పగులులో ఇరుక్కుని నాలుగు గింజలు వరుసగా మిగిలాయి. జొన్న, సజ్జ, జొన్న, పెసర. వాటికి ఎదురుగా ఏవి కూర్చోవాలో అతనికి తెలుసు. పెట్టలేదు.