ఐదేళ్ల ఆయుష్షు

"ఎలక్ట్రీషియన్ వచ్చి బాగుచేసి వెళ్లాడ్రా. ఐదు నిమిషాల్లో బయల్దేరుతున్నా" అని భర్త ఫోన్లో స్నేహితుడికి చెబుతున్నాడు. ఆ ఎలక్ట్రీషియన్ వంటగది గుమ్మం పక్కన నిలబడి అతని చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది.

కాలిన తీగ ముక్క ఇంకా ఆమె ఎడమ చేతిలోనే ఉంది. కోపం రాలేదు. కోపానికీ తీరిక కావాలి కదా. అబద్ధమాడాల్సిన అవసరం ఏమొచ్చిందా అని మాత్రం ఆలోచించింది. ఇస్త్రీపెట్టె చచ్చిందన్నాడు, ఏడు నిమిషాల్లో బతికించింది. "మా ఆవిడ చేసింది" అంటే అతని సొమ్మేం పోయింది? పెళ్లయిన కొత్తలో అత్తగారన్న మాట గుర్తొచ్చింది: "కోడలు తీగలు పీకుతుందంటే వాడి పరువేం కావాలే?" ఆవిడే కిందటి వారం చీకట్లో కూర్చుని, "అమ్మాయ్, ఆ లైటు సంగతి కాస్త చూడవే, ఎవరూ చూడట్లేదులే" అంది. ఎవరూ చూడనంతసేపు ఆమెకు అన్నీ వచ్చు.

చిన్న స్క్రూడ్రైవర్‌ని చేతిసంచిలో వేసుకుని ఆఫీసుకు బయల్దేరింది. పసుపు పిడి, మీద కాలేజీ ముద్ర. డిప్లొమా మొదటి రోజున ఇచ్చిన పనిముట్ల పెట్టెలోది. ఇంకో ఏడాది చదివితే పట్టా చేతికొచ్చేది. అప్పుడే పెళ్లి, వెంటనే మామగారి జబ్బు. "ముందు నాన్న కోలుకోనీ, తర్వాత చదువుదువుగాని" అన్నాడు భర్త. ఆపైన "పిల్ల నడవనీ", ఆపైన "పిల్ల బడికెళ్లనీ". పిల్ల ఏడో తరగతికి వచ్చింది. చదువు ఆగి పద్నాలుగేళ్లు.

ఆమె పనిచేసేది సాంకేతిక విద్యాశాఖలో, స్కాలర్‌షిప్పుల విభాగంలో. టైపిస్టు. టీ ఇచ్చే మనిషి రిటైరయ్యాక ఆ ఖాళీని ఎవరూ నింపలేదు, ఆమె నింపింది. ఆ రోజు కొత్త విధానం సాపు ప్రతి నాలుగింటికల్లా డైరెక్టర్ బల్ల మీదికి వెళ్లాలి. వృత్తివిద్య మధ్యలో ఆపేసినవాళ్లకు ప్రభుత్వమే ఫీజంతా కట్టి, నెలనెలా భత్యమిచ్చి, మళ్లీ కాలేజీకి పంపుతుందట. టైపు చేస్తున్నకొద్దీ ఆమె వేళ్లు వేగం పెంచాయి. వయసు పరిమితి లేదు. పెళ్లయినా ఫరవాలేదు. ఉద్యోగం చేస్తున్నా ఫరవాలేదు. ఎనిమిదో నిబంధన దాకా ఎవరో ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టే ఉంది.

తొమ్మిదోది వచ్చింది: చదువు మధ్యలో ఆపినవారిని ఐదేళ్లు దాటితే జాబితా నుంచి తొలగించాలి.

వేళ్లు ఆగిపోయాయి. ఏడుపు రావాల్సిన చోట ఓ ప్రశ్న వచ్చింది. ఐదే ఎందుకు? నాలుగు కాదేం, పది కాదేం?

లేచి వెళ్లి సూపరింటెండెంట్‌ని అడిగింది.

"ఎందుకంటే ఏం చెబుతామమ్మా? చేతికి ఐదు వేళ్లెందుకున్నాయంటే చెప్పగలమా? ఎప్పట్నుంచో ఉంది. ఉన్నది ఉన్నట్టు కొట్టు" అన్నాడాయన. "అలాగే టీ కూడా."

టీ పెట్టింది. భోజనం డబ్బా ముట్టకుండా రికార్డు గదికి వెళ్లింది.

కిందటి విధానం తీసింది. తొమ్మిదో నిబంధన పక్కన 'గతంలో ఉన్నట్టే' అని ఉంది. దాని ముందుది తీసింది. 'గతంలో ఉన్నట్టే.' ఇంకా ముందుదీ అంతే. మూడు ఫైళ్లలో ముగ్గురు అధికారులు వెనక్కి చూపించి చేతులు దులుపుకున్నారు. దుమ్ముకి తుమ్ములొస్తున్నాయి గానీ ఆమెకు లోపల ఏదో హుషారుగా ఉంది. ఎక్కడ తీగ తెగిందో వెతుకుతూ పోయే పని ఇది. ఆ పని ఆమెకు తెలుసు.

నాలుగో ఫైలు పాతికేళ్ల నాటిది. అందులో తొమ్మిదో నిబంధన తాకితే ఎత్తుగా తగిలింది. వాక్యంలో మొదటి సగం వేరే కాగితం మీద ఉంది.

"ఇదేంటి బాబాయ్?" అని రికార్డు గది చూసే పెద్దాయన్ని అడిగింది.

"చీటీయే తల్లీ. అప్పట్లో మాకున్నది ఒక్కటే టైపు మిషను. నిబంధన మారితే మారినంత మేరకు చీటీ కొట్టి, పాతదాని మీద అంటించేసేవాళ్లం. మొత్తం మళ్లీ ఎవడు కొడతాడు?"

"కింద ఏముండేది?"

"చూస్తే పోలా? జిగురెప్పుడో చచ్చింది."

స్క్రూడ్రైవర్ మొన చీటీ అంచు కిందికి పోనిచ్చింది. ఎండుటాకులా ఊడి వచ్చింది. కింద అక్షరాలు చెక్కుచెదరలేదు: విద్యార్థులకిచ్చిన పనిముట్ల పెట్టెలను ఐదేళ్లు దాటితే జాబితా నుంచి తొలగించాలి.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "ఓరి నాయనో. చీటీ పొట్టిదైపోయింది. రెండో సగం మూయడం మరిచారు!"

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంతగా. పాతికేళ్లుగా చదువు ఆపిన ప్రతి మనిషినీ సుత్తులకూ శ్రావణాలకూ పెట్టిన గడువుతో కొలిచారు. ఎంతమంది అర్జీలు వెనక్కి పోయాయో. వాటిల్లో ఎన్నిటికి ఆమే, కారణమేమిటో తెలియకుండానే, 'తిరస్కరించడమైనది' అని టైపు చేసిందో. నవ్వు ఆగిపోయింది.

మూడున్నర. సూపరింటెండెంట్ ఫైలు చూసి తెల్లబోయాడు. "పాతికేళ్ల తప్పు నా నెత్తిన రుద్దుతావా? మూసెయ్. అయినా నీకెందుకమ్మా ఇంత ఆరాటం? ఇందులో నీకేమైనా లాభముందా?"

ఆ మాట ఆమె జవాబు కోసం ఆగలేదు, ఆయనతోపాటే డైరెక్టర్ గదిలోకి వెళ్లింది. ఫైలు పట్టుకుని ఆమె కూడా వెనకే వెళ్లి, చీటీ సంగతి చెప్పింది. "ఈవిడకేదో సొంత లాభముంది మేడమ్" అన్నాడాయన.

డైరెక్టర్ ఆమె వైపు చూసింది. 'లేదు' అనేస్తే సరిపోతుంది. తప్పు పట్టిన టైపిస్టుగా మెప్పు పొంది, టీ గ్లాసులు కడుక్కోవచ్చు. పొద్దున భర్త ఆడింది అలాంటి అబద్ధమే కదా, ఎలక్ట్రీషియన్ ఎవరో వచ్చి వెళ్లాడని.

"ఉంది మేడమ్. పద్నాలుగేళ్ల క్రితం చదువు ఆపాను. ఎలక్ట్రికల్ డిప్లొమా, ఒక్క ఏడాది మిగిలింది. అర్జీ పెడదామనుకుంటున్నాను." స్క్రూడ్రైవర్ తీసి ఫైలు మీద పెట్టింది. "ఇది కాలేజీ ఇచ్చిన పెట్టెలోదే. ఆ పాత నిబంధన ప్రకారం దీని ఆయుష్షు ఐదేళ్లే. ఇవాళ పొద్దున కూడా దీంతోనే పనిచేశాను."

డైరెక్టర్ పసుపు పిడిని తిప్పి కాలేజీ ముద్ర చూసింది. చీటీ పెట్టి చూసింది, తీసి చూసింది. తర్వాత కలం తీసి తొమ్మిదో నిబంధన చుట్టూ గీత గీసి, 'కారణం తేలేవరకు నిలిపివేత' అని పక్కన రాసింది.

"రేపు కమిటీలో నేను చెబితే ఎవరూ నమ్మరు. ఫైలు ఇక్కడే ఉంచండి. ఇదీ ఉండనివ్వండి. మీరూ రండి" అంది. సూపరింటెండెంట్‌తో, "టీకి వేరే ఏర్పాటు చూసుకోండి" అంది.

సీటుకి తిరిగొచ్చేసరికి ఐదు దాటింది. సొరుగులోంచి ఖాళీ అర్జీ ఫారం తీసింది. 'విరామకాలంలో చేసిన పని' అన్న గడిలో ఇన్నేళ్లూ ఆడవాళ్లంతా 'ఏమీ లేదు' అని రాయడం చూసింది. కలం మూత తీసేలోగా ఫోన్ మోగింది.

"హాల్లో స్విచ్చి పోయింది. ఫ్యాను తిరగట్లేదు, అమ్మకి ఉక్కపోస్తోంది" అన్నాడు భర్త. "ఆ పసుపు స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టావు?"

"ఆఫీసు ఫైల్లో ఉందండీ."

"ఫైల్లోనా? మరిప్పుడెలా?"

గడిలో మొదటి మాట రాస్తూ, చాలా మామూలుగా చెప్పింది.

"పొద్దున వచ్చి వెళ్లాడన్నారుగా, అతన్నే పిలవండి."