అద్దం లేని కుర్చీ

నాలుగు నెలలుగా నాకు దేని మీదా మనసు లేదు. తిండి సహించదు, నిద్ర రాదు, కత్తెర పట్టుకుంటే చెయ్యి బరువు. డిప్రెషన్ అయ్యుంటుందని ఇంట్లో నోరు జారాను. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ డాక్టర్లయిపోయారు.

పనీపాటా లేనివాళ్ళకొచ్చే జబ్బని వదిన తేల్చేసింది. సెలూన్‌లో రోజుకు పది గంటలు నిలబడి జనం జుట్టు కత్తిరించే నాకు ఆ మాట చెప్పింది, సోఫాలో కాళ్ళు బారజాపుకుని. పొద్దున్నే తనతో వాకింగ్‌కు వస్తే చిటికెలో పోతుందట. మా ఆయనేమో నీకేం తక్కువని అడిగాడు. ఏది తక్కువో తెలిస్తే వెళ్ళి కొనుక్కొచ్చుకునేదాన్ని కాదూ.

ఇలా కాదని థెరపిస్టుల వేటలో పడ్డాను. మొదటాయన గది గోడల నిండా సర్టిఫికెట్లే. ఇరవై ప్రశ్నల కాగితం చేతికిచ్చి, నేను టిక్కులు పెడుతున్నంతసేపూ ఫోన్ చూసుకుని, చివరికి సమస్యంతా మీ తలలోనే ఉందమ్మా అన్నాడు మహానుభావుడు. పాదాల్లో ఉంటే చెప్పుల కొట్టుకు వెళ్ళేదాన్నిగా.

రెండో ఆయన దగ్గర తప్పు నాదే. ఎవరు కుర్చీలో కూర్చున్నా ఎలా ఉన్నారండీ అనడం మా పనిలో అలవాటు. ఎదురుగా కూర్చున్న ఆయన్నీ అలాగే అడిగేశాను. పాపం, ఆయన్ని ఆ మాట అడిగి ఎన్నాళ్ళయిందో. భార్య పుట్టింటికి వెళ్ళిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టి ముప్పావు గంట ఏకరువు పెట్టాడు. నేను ఊఁ కొట్టాను. ఇప్పుడు తేలిగ్గా ఉందని, వచ్చే వారం కూడా తప్పకుండా రమ్మని గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

మూడో ఆవిడ నడివయసు మనిషి. ఆవిడ జుట్టు ఎవరు కత్తిరించారో గానీ వాళ్ళ చేతులు విరగ్గొట్టాలి. ఆవిడనీ ఎలా ఉన్నారని అడిగాను. బాగానే ఉన్నానని, ఇక నన్ను చెప్పమని అంది. సూటిగా నా మొహంలోకే చూస్తోంది. బ్యాగు జిప్పు తీస్తూ, వేస్తూ పది నిమిషాలు గడిపాను.

నేనేం పని చేస్తానో కనుక్కుని, మీ దగ్గరికొచ్చేవాళ్ళు కబుర్లు చెప్తారా అని అడిగిందావిడ. చెప్పకేం, మొగుళ్ళకు చెప్పనివన్నీ నాకే చెప్తారన్నాను. మొహం చూసి చెప్పక్కర్లేదుగా, నేను వాళ్ళ వెనక నిలబడి ఉంటాను.

ఆవిడ తన కుర్చీ ఈడ్చుకొచ్చి నా వెనక వేసుకుంది. నా ఎదురుగా ఉత్త గోడ. అద్దం కూడా లేదు.

"రోజూ పడుకునే ముందు, పొద్దున్నే లేవకపోతే బాగుండు అనుకుంటున్నానండీ," అన్నాను గోడతో.

అన్నాక ఏడుపు ఆగలేదు. ఆవిడ ఊరుకోమనలేదు, నాకేం తక్కువని అడగలేదు. నిన్న కూడా అనుకున్నారా అంది. అనుకున్నానన్నాను. చాలాసేపు మాట్లాడించింది. మందులు రాసే డాక్టరుకు చీటీ రాసిచ్చింది. నేను లేస్తుంటే అంది:

"రేపు కళ్ళు తెరవగానే నాకు ఫోన్ చెయ్యండి. లేచానని ఒక్క మాట చెప్పండి, చాలు."

మర్నాడు తెల్లవారగానే వదిన బూట్లేసుకుని తలుపు తోసుకొచ్చింది, వాకింగ్‌కు పద అంటూ. ఉండమని చెయ్యి చూపించాను. ఫోన్ నా చెవి దగ్గరుంది.

"లేచానండీ," అన్నాను.