ఉల్కాముఖి టిక్కెట్టు కొనుట

జ్యేష్ఠమాసము చివరిదినములు. తూర్పుకడలిమీద నుదయించిన భానుబింబము క్షణకాలమైన కోమలత్వము నటింపక పుట్టుచునే ప్రచండకిరణసహస్రముచే నిసుకతిన్నెల నుడికించుచుండ, తాటితోపులు కదలుట మఱచి నిలిచియుండ, భీమునిపట్టణపు త్రోవలో సముద్రాభిముఖముగా గట్టబడిన విమానప్రదర్శనశాలాప్రాంగణమున గగనసంచారవిరతములును గతవైభవస్మరణైకశేషములునైన లోహవిహంగములు నాలుగైదు రెక్కలు చాచుకొని ఎండ కాగుచుండెను. వాని నడుమ నన్నిటికంటె పెద్దది, ముసలిది, రెండు ఇంజనుల సరకువిమాన మొకటి ముక్కు పైకెత్తి తోక నేల కానించి కూర్చుండియుండెను. అక్కడివారు దానిని మామ్మ యని పిలిచెదరు. అది కడపట నెన్నడు ఎగిరెనో సరిగా చెప్పగలవారు లేరు.

ఆ మామ్మకు సేవజేయువారిలో నగ్రగణ్యురాలు హైమవతి. దూరవాణికార్యాలయమున యౌవనమంతయు చెవికి గొట్టము తగిలించుకొని యూరివారి మాటల నూరివారికి కలిపి, ఉద్యోగవిరమణానంతరము మిగిలిన కాలమును దేనితో కలుపవలెనో యని యోజించి, జీతభత్యములు లేని యీ కొలువును తానై కోరి చేరెను. ఆదివారము వచ్చెనేని సబ్బునీళ్ల బకెట్టుతోడను పాతచీరముక్కలతోడను మామ్మ పొట్టక్రింద దూరి తుప్పు గీకును, చమురు రాయును, జనులు వచ్చువేళకు చేతులు కడిగికొని వారిని లోనికి గొనిపోయి చోదకుని పీఠమును సరకు కట్టు కొక్కెములను చూపి కథలు చెప్పును. సాయంకాలము మరలునపుడు తోకచెక్కలు బిగువుగ నున్నవో లేవో చేతితో తడిమి చూడక యిల్లు చేరదు.

ఈ తోకచెక్కల సంగతి కొంచెము చెప్పవలసియున్నది. విమానపు తోకపై నిలువుగా నుండి యిటునటు తిరుగు పలకను చుక్కాని యందురు. నేలపై నిలిచిన విమానమునకు పెనుగాలి తగిలినచో నా చుక్కాని గడియలేని తలుపువలె కొట్టుకొని కీళ్లు విఱిగి యూడిపడును. అట్లు కాకుండుటకై దాని కిరుప్రక్కల కొయ్యచెక్కలు పెట్టి మర బిగింతురు. ఎగురుటకు ముందు వానిని తీయుట మఱవకుండ పొడవైన యెఱ్ఱగుడ్డపట్టీలు వానికి వ్రేలాడగట్టుదురు. మామ్మ యిక నెగురదు గాన నా చెక్కలును పట్టీలును దాని తోకనే కాపురమున్నవి.

ఇంతవరకు హైమవతిని మెచ్చనివారు లేరు. ఇక మెచ్చనివారి సంగతి. బాల్యమున నొక పిల్లల మాసపత్రికలో వెలువడిన బొమ్మలకథయందలి మేఘసేనాధిపతి ఉల్కాముఖి యనిన నామెకు ప్రాణము. నల్లని శిరస్త్రాణము దాల్చి భుజములనుండి మడమలదాక నీలిప్రావారము జీరాడ మబ్బుల నోడల నడుపు నా వీరాంగన, పత్రిక మూతపడుటతో కథ నడుమనే యంతర్ధానము చెందెను గాని హైమవతి మనస్సునుండి మాత్రము చెందలేదు. తలపండిన పిదప నామెకు పట్టణమున నొక జట్టు దొరకెను. తమ కిష్టమైన కథలలోని వేషములు స్వహస్తములతో కుట్టుకొని ధరించి సముద్రతీరమున కలిసికొనువారి జట్టది. ఆసుపత్రిలో నర్సుపని చేయుచు సెలవునాడు పచ్చరెక్కల రాక్షసిగా మారు నూకరత్నము, మోటారుసామానుల యంగడి నడుపుచు ఫోమనెడి తేలికైన నురుగుఅట్టతో లోహకవచములు చేసికొను సన్యాసిరావు నందులోనివారు. వీరి నడుమ హైమవతి ఉల్కాముఖి యయ్యెను.

ఈ జట్టువారి కొక పట్టుదల కలదు. వేషమున నొక్క కుట్టు తప్పినను వారికి నిద్రపట్టదు. బొమ్మలో నుల్కాముఖి నడుమున వ్రేలాడు వస్తువు లేమో హైమవతికి తెలియరాకపోగా, ఆమె తన మామ్మ తోకచెక్కల నాదర్శముగా గైకొని నురుగుఅట్టతో నచ్చముగ నట్టివే కత్తిరించి, కొయ్యరంగు పూసి, ఎఱ్ఱపట్టీలు కుట్టి నడుమున గట్టుకొనెను. చేతబట్టి బరువు చూచిన గాని యేది కొయ్యయో యేది అట్టయో తెలియరానంత చక్కగ కుదిరెను. ఆ నేర్పే కొంపముంచినది.

ఉల్కాముఖి మామ్మప్రక్కన నిలిచిన యాదివారములలో పిల్లలు విమానమును వదలి పోమని మారాము చేసెడివారు. ఇది ప్రదర్శనశాల కార్యదర్శి వేంకటపతిరాజుగారికి కంటగింపయ్యెను. ఆయన విశ్రాంత వైమానికాధికారి. వార్ధక్యమునను వెన్ను వంపని వాడు, నీలికోటు గుండీలు ప్రతిదినము తానే మెఱుగుపెట్టుకొనువాడు. దుష్టుడు కాడు. కూలిన విమానములనుండి సహచరుల దేహములను మోసిన భుజము లాయనవి. అందుచేతనే యాయనకు విమానముకడ నవ్వు గిట్టదు.

వార్షికోత్సవము సమీపింపగా రాజుగా రామెను పిలిపించెను.

“హైమవతిగారూ, ఇది తీర్థమో జాతరో కాదండీ. ఈ విమానాల్లో మనుషులు ప్రాణాలొడ్డి ఎగిరారు. వాటి పక్కన ఈ వేషాలేంటి? ఆదివారం పెద్దలొస్తున్నారు. ఆ వేషమైనా మానెయ్యండి, ఈ పనైనా మానెయ్యండి.”

“మామ్మని తోమినన్నాళ్లూ నేనే బట్టల్లో ఉన్నానో మామ్మ అడగలేదండి.”

“మామ్మ అడగదు. నేను అడుగుతున్నాను.”

హైమవతి వెడలిపోయెను. ఆమెకు కన్నీరు రాలేదు, ఒళ్లు మండెను. రాజుగారు వెంటనే కాపలాదారుడైన అప్పలస్వామిని బిలిచి, విమానమున నామె దాచుకొనిన వేషపుసామాను సర్వము నింటికి బంపివేయుమని యాజ్ఞాపించెను. అప్పలస్వామి యాజ్ఞాపాలనమున లోపము చేయువాడు కాడు. ఎఱ్ఱపట్టీ గలది యెల్ల వేషపుసామానే యని నిశ్చయించి, విమానపు లోపలి యట్టచెక్కలతో గూడ తోకకు బిగించిన కొయ్యచెక్కలను సైతము మరలు విప్పి యూడదీసి, గోనెసంచిలో కుక్కి పంపివేసెను.

ఉత్సవమునకు ముందునాటి సాయంకాలము హైమవతి యా సంచి విప్పెను. శిరస్త్రాణము సొట్టపడియుండెను, ప్రావారమునకు గ్రీజు అంటుకొనియుండెను. వానిని చూచి పండ్లు కొఱుకుకొనుచు నడుగున చేయిపెట్టి యొక చెక్కను లాగగా నది బరువుగ వచ్చెను. రెండవదియు నట్లే వచ్చెను. ఇవి తన యట్టలు కావు. మామ్మ తోక విడిచి వచ్చినవి. వర్షర్తువునకు ముందటి యీ దినములలో నే మధ్యాహ్నము కొండలవెనుకనుండి యీదురుగాలి లేచునో యెవరెఱుగుదురు? తత్క్షణమే రాజుగారికి ఫోను చేసెను. బ్రతిమాలుకొనుటకు చేయుచున్నదని తలచి యాయన తీయలేదు. మరల చేసెను, మరల తీయలేదు. ఒక జీవితకాలము లోకుల పిలుపులు కలిపిన యామెకు తన పిలుపొక్కటి కలియదయ్యెను. ప్రదర్శనశాలకు తాళము పడియుండెను. తెల్లవాఱువఱకు వేచియుండుట తప్ప గత్యంతరము లేదు.

చీర కట్టుకొని పోయినచో నెవ్వరు నడ్డగింపరు. ఆ మాట యామెకు తెలియును. కాని యొక్కసారి వేషము విప్పి యా ద్వారము దాటెనేని, ఉల్కాముఖిని తన చేతులతో గొంతు పిసికినట్లగును. చెక్కలు మామ్మకు చేరవలెను, ఉల్కాముఖియు మామ్మను చేరవలెను, రెంటిలో నొక్కటియు విడువనని హైమవతి నిశ్చయించుకొని, ప్రావారము నుతికి యారవేసి జట్టువారికి కబురుచేసెను.

మఱునాడు ద్వారముకడ నొక వింత జరిగెను. వరుసలో కుటుంబములవారివెనుక నీలిప్రావారధారిణియైన మేఘసేనాధిపతియు పచ్చరెక్కల రాక్షసియు లోహకవచధారియు చిల్లర చేతబట్టుకొని నిలిచియుండిరి. అప్పలస్వామి బిత్తరపోయెను.

“అమ్మా, వేసంతోటి వాలంటీర్లని రానివ్వొద్దని సెప్పేరమ్మా.”

“నేను వాలంటీరునని ఎవరన్నారు? మానెయ్యమన్నారుగా. టిక్కెట్టు కొనుక్కుంటున్న మనిషిని. కొన్నవాళ్ల బట్టలకి కూడా రూలుందేటి?”

అప్పలస్వామి గోడమీది పలకను పైనుండి క్రిందికి చదివెను. ఉమ్మివేయరాదు, విమానముల నెక్కరాదు అనియుండెను గాని రాక్షసులు రారాదని యెచ్చటను లేదు. టిక్కెట్లు చించి యిచ్చెను.

లోపల షామియానాక్రింద పెద్దలు కూర్చుండిరి. మామ్మచుట్టును తాడు కట్టియుండెను. హైమవతి తాటి కీవలనే నిలిచి, నడుమున నట్టచెక్కల నడుమ దోపుకొనిన కొయ్యచెక్కలను తీసి చాచెను.

“రాజుగారూ, మామ్మ తోకచెక్కలు పొరపాటున మా ఇంటికొచ్చేసాయండి. ఇవి అసలువి. గాలి లేచేలోగా బిగించాలి.”

రాజుగారు చూచెను. ఆమె నడుమున నాలుగు చెక్కలు, చేత రెండు, అన్నిటికి నెఱ్ఱపట్టీలు. అన్నియు నొక్కతీరుగ నుండెను.

“పెద్దలముందు ఈ నాటకాలేంటమ్మా? ఆ అట్టబొమ్మలు పట్టుకుని వెనక్కి నిలబడండి.”

“ఒక్కసారి చేత్తో పట్టుకు చూడండి.”

ఆయన చేయి చాపలేదు. వెన్ను త్రిప్పి యతిథులను మామ్మ ముక్కువైపు గొనిపోయెను. హైమవతి చెక్కలను గుండెల కదుముకొని యచటనే నిలిచెను. తోకవైపు నడచిన నామె నడ్డగించుట కిద్దఱు మనుష్యులను గూడ రాజుగారు నిలిపియుంచెను.

ఉపన్యాసము సగమయ్యెనో లేదో, వాయవ్యమున కొండల వెన్నంటి కాటుకరంగు మేఘము పొడసూపి, అంతవఱకు కదలని తాటాకులు గలగలలాడ, ఇసుక లేచి కన్నులగప్ప, షామియానా గుంజలు పెఱికికొని పొంగ, మహావాయువు ప్రాంగణముమీద విఱుచుకపడెను. కుర్చీలు పొరలెను. అంతలో వెనుకనుండి ధడాలుమని యొక శబ్దము, మరల ధడాలుమని మఱియొకటి. చుక్కాని కొట్టుకొనుచుండెను. విమానములతో బ్రతికిన రాజుగారి కా చప్పుడెఱుకయే. ఆయన ముఖము పాలిపోయెను.

హైమవతి తాడు దాటెను. అడ్డుపడవలసిన యిద్దఱును షామియానా గుంజను పట్టుకొని వ్రేలాడుచుండిరి. తోక నేల కానిన విమానము గాన చుక్కాని క్రిందిభాగము చేతి కందుచుండెను. ఆమె చెక్కలను కాళ్లకడ వైచి దానికి భుజమానించి నిలువగా నది యామె నొక్క త్రోపు త్రోచి మోకాళ్లమీద పడవైచెను. “నూకరత్నం, అటేపు పట్టు! సన్యాసీ, వచ్చీ!” అని కేక పెట్టెను. రాక్షసి రెక్కలు రెండును గాలికెగిరి సముద్రమువైపు పోయెను. లోహపురుషుని కవచ మొక్కొక్క రేకుగ నూడి లోపలి బనియను బయటపడెను. అయినను వారు విడువలేదు. చేతులు, భుజములు, వెన్నులు ఆనించి ముగ్గు రా పలకను నిలిపిరి. శిరస్త్రాణము క్రిందినుండి హైమవతి రాజుగారిని చూచి కసరెను.

“ఇప్పుడైనా పట్టుకు చూస్తారా?”

రాజుగారు పరుగున వచ్చి చెక్కను చేతబట్టెను. దాని బరువు చేతికి తగిలినంతనే యాయన కన్నులు వాలెను. చెక్కలను చుక్కానికి రెండువైపుల జేర్చి మర బిగించెను. ధ్వని యాగిపోయెను. పెద్దపెద్ద చినుకులు పడనారంభించెను.

వాన వెలసిన పిమ్మట తడిసి ముద్దయైన పెద్దలు చూచుచుండ రాజుగా రామె యెదుట నిలిచెను.

“తప్పు నాదేనమ్మా. మీ జట్టు లేకపోతే తోక ఊడిపోయేది. ఇకనుంచి పండగరోజుల్లో మీరు వేషంతో రావచ్చు. కమిటీకి నేను చెప్తాను.”

అందఱును చప్పట్లు కొట్టిరి. ఆమె చేతులు జోడించునని యెదురుచూచిరి. ఆమె జోడింపలేదు. సొట్టపడిన శిరస్త్రాణమును సరిచేసికొనెను.

“ఈవేళ పనికొచ్చేం గనక మా వేషం మంచిదయిపోయిందాండి? గాలి రాకపోతే? పనికిరాకపోయినా నేను ఉల్కాముఖినేనండి. నాకిష్టం, అంతే. ఈ మామ్మ ఎగురుతుందా? సరుకు మోస్తుందా? అయినా రంగేసి, ముక్కు తుడిచి, రేపో మాపో ఎగిరేదానిలాగ నిలబెట్టుకున్నాం. అది వేషం కాదా? ఎందుకు పనికొస్తావని దాన్ని మనమెప్పుడైనా అడిగేమా?”

తెలియకయే రాజుగారి చేయి తన నీలికోటు గుండీపై నిలిచెను.

“పండగరోజులు నాకక్కర్లేదండి. వచ్చే ఆదివారం వస్తాను, ఇలాగే వస్తాను, టిక్కెట్టు కొనుక్కునే వస్తాను. ఆ తాడు మీరు తీసిన రోజున లోపలికొచ్చి మామ్మని తోముతాను. తియ్యకపోతే ఇవతల నిలబడి చూస్తాను.”

అని జట్టువారితో వెడలిపోయెను. ఇంటికేగి ప్రావారము పిండుచు చాలసేపు వెక్కివెక్కి యేడ్చెను. మామ్మను తాకక బ్రతుకుట యెట్లని యామె కప్పుడు భయము కలిగెను. కాని యన్న మాటను వెనుకకు గొనలేదు.

ఆదివారము వచ్చెను. ఉల్కాముఖి చిల్లరతో ద్వారముకడ నిలిచెను. అప్పలస్వామి తల యడ్డముగ ద్రిప్పెను.

“టిక్కెట్టు నేదమ్మా.”

“ఎందుకు లేదు? డబ్బులిస్తున్నాను కదా! రాజుగారు ఇవ్వొద్దన్నారా?”

“అవునమ్మా, ఇవ్వొద్దన్నారు. పని సేసీవోలికి టిక్కెట్టేటమ్మా? బకెట్టు అక్కడెట్టీసేను.”

ఆమె చిల్లరను కొంగనుకొని ప్రావారపు చెఱగున ముడివేసికొని లోనికి నడిచెను. మామ్మచుట్టును తాడు లేదు. తోకకడ రాజుగారు చెక్కలను తడిమి చూచుచుండెను.

“రండమ్మా. ఒక్క మనవి. మీ అట్టచెక్కలమీద ఏదైనా గుర్తు వేసుకోండి. మళ్లీ అప్పలస్వామి పొరబడతాడు.”

“గుర్తేదో అసలువాటిమీద వేసుకోండి. నావి ఇప్పుడెలా ఉన్నాయో అలాగే ఉండాలి.”

రాజుగా రామెవంక చూచి, పిదప మీసములలో నవ్వుకొని రంగుడబ్బా కొఱకు వెడలెను. విమానముకడ నాయన నవ్వుట నాడే ప్రథమము. పిల్లలు గుంపుగ పరుగెత్తుకొని వచ్చుచుండిరి. మేఘసేనాధిపతి ప్రావారము నడుమున దోపుకొని, బకెట్టు జరుపుకొని, ముసలి విమానపు పొట్టక్రింద దూరెను. పనికివచ్చుట యొక గొప్ప, ఒకరి నడుగక ప్రియమైనదానిని ప్రేమించుట యింకొక గొప్ప, మొదటిదానిని చూపి రెండవదానికి సెలవు పుచ్చుకొననక్కఱలేదు. కడలిగాలి వీచినపుడెల్ల తోకనున్న యెఱ్ఱపట్టీలును ఆమె నడుమునున్న యెఱ్ఱపట్టీలును ఒక్కవైపునకే యెగురుచుండెను.