మూత పెట్టిన గిన్నె

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట మేస్త్రికి కుడికాలి బొటనవేలు వాచిందంటే ఆ కబురు మధ్యాహ్నంలోపు గేటు దాకా పాకేది. గౌటు అంటే ఏమిటో ఆయన చెబితేనే వినాలి. దుప్పటి అంచు తగిలితే రోడ్డు రోలరు ఎక్కినట్టుంటుందట. ఒకసారి ఆ వేలి మీద వాలిన ఈగ ఆ సలుపుకి తాళలేక కుంటుకుంటూ ఎగిరిపోయిందట. ఈగ కుంటుతూ ఎగరడమేమిటని ఎవరైనా నోరు తెరిస్తే, నమ్మకపోతే నువ్వూ వాలి చూడమనేవాడు.

మేనేజరు మాత్రం నవ్వలేదు. పొయ్యి దగ్గర నిలబడలేని మేస్త్రితో నేనేం చేసుకోను, ఇంకొక్కసారి మంచమెక్కావంటే పెద్ద గరిటె నీ బావమరిది చేతికిస్తానని మొహం మీదే చెప్పేశాడు. ఈ బావమరిది మేస్త్రి భార్యకి స్వయానా తమ్ముడు, అదే వంటగదిలో రెండో వంటవాడు. ఆ గరిటె మేస్త్రి జీవితంలోకి పెళ్లాం కంటే ముందొచ్చింది. అది పోతే కాలు పోయినా ఒకటే ఉన్నా ఒకటే అనుకునేవాడు.

అందుకే డాక్టరమ్మ మాటని తు.చ. తప్పకుండా పాటించాడు. ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై వేలి కీలులో సూదుల్లా పేరుకుంటోంది, నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ మాత్ర వేసుకో, నీళ్లు బాగా తాగు, మాంసం, కాలేయం, ఎముకల సూపు కడుపులోకి పోనివ్వకు అందావిడ. మేస్త్రి అన్నీ మానేశాడు. సొరకాయ తిని తిని మెడ సాగిందేమోనని అద్దంలో చూసుకునేవాడు. అయినా వేలు మళ్లీ మళ్లీ ఎర్రబడుతూనే ఉంది.

ఇన్ని మానేసినా వాస్తోందంటే ఎవరో ఏదో కలుపుతున్నారన్నమాటే. ఎవరికి లాభం? బావమరిదికి. ఎవరి చేతి కూడు? వాడి అక్కది. అక్కాతమ్ముళ్లిద్దరూ వీధి గుమ్మంలో గుసగుసలాడుతూ, తను కనబడగానే కరెంటు పోయినట్టు నోళ్లు మూసుకోవడం రెండుసార్లు కళ్లారా చూశాడు.

ఆ రోజునుంచి మాత్రని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశాకే మింగేవాడు. సొరకాయ కూరని ముందు వాసన చూసి, తర్వాత భార్య చేత ఒక ముద్ద తినిపించి, ఆవిడ కళ్లు తిరగలేదని రూఢి చేసుకుని అప్పుడు కలుపుకునేవాడు. ఆవిడ కిక్కురుమనకుండా తినేది. ఆ ఓర్పు చూసి అనుమానం ఇంకా ముదిరింది. తప్పు చెయ్యని మనిషైతే ఈపాటికి కంచం విసిరికొట్టేది కాదూ?

ఇక బావమరిది సంగతి. నిలబడకు బావా అని స్టూలు తెచ్చేవాడు. గంట తిరక్కుండా నీళ్ల గ్లాసు చేతిలో పెట్టేవాడు. నీళ్లు తాగితే దొడ్డివైపు వెళ్లాలి, వెళితే గరిటె కాసేపు వాడి చేతికొస్తుంది. ఎంత లోతైన ఆలోచన! మేస్త్రి వెళ్లేటప్పుడు గరిటెని చంకలో పెట్టుకుపోవడం మొదలుపెట్టాడు.

చివరికి ఒక పొద్దున దొంగ దొరికాడు.

ఎముకల సూపు మరుగుతోంది. మేస్త్రి గరిటె అంచున కాస్త తీసుకుని ఊది, జుర్రి, ఉప్పేశాడు. కంటి కొసతో చూస్తే, బావమరిది అటు తిరిగి అదే బానలోంచి కాస్త సూపు తీసి, చెక్క బల్ల కింద మూతపెట్టిన స్టీలు గిన్నెలో పోస్తున్నాడు. కాసేపాగి మేస్త్రి మిరియాలు సరిపోయాయో లేదో చూశాడు. వాడు మళ్లీ పోశాడు. కాలేయం వేపుడు తయారైందో లేదోనని మేస్త్రి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. వాడూ ఒక ముక్క గిన్నెలో వేశాడు.

ఓహో, ఇదన్నమాట నా సొరకాయలో కలిసేది అనుకున్నాడు మేస్త్రి. పట్టుకుంటే ఇద్దర్నీ ఒకేసారి పట్టుకోవాలని పళ్లు బిగబట్టి, పాపం, వాసన చాలదని మాటిమాటికీ రుచి చూస్తూ, మధ్యాహ్నం దాకా కాపలా కాశాడు.

భార్య అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. మేస్త్రి కుంటుకుంటూ వెళ్లి, బల్ల కింది గిన్నె లాగి ఆవిడ ముందు పెట్టాడు. గిన్నె అంచుల దాకా నిండి తొణికింది.

"నీ తమ్ముణ్ణి అడుగు, ఇది ఎవరి కడుపులోకి పోవడానికి దాచాడో."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

"దాచలేదు బావా. పొద్దున్నుంచి నువ్వు రుచి చూసినప్పుడల్లా నీ నోట్లోకి ఎంత పోయిందో అంతే ఇందులో పోశాను. అక్క పొయ్యమంది."

మేస్త్రి గిన్నెలోకి చూశాడు. సూపు, దాంట్లో తేలుతున్న కాలేయం ముక్కలు. ఒక పుష్టైన మనిషి రెండుపూటలా తినే సరుకు.

"రుచి చూడ్డం తినడమెలా అవుతుందే?" అన్నాడు, గొంతు సగం దిగిపోయి. "అది పని. ముప్పొద్దులా చేసే పని."

"అది మీకు తెలుసు," అంది భార్య. "మీ వేలికి తెలీదు."

చెప్తే నమ్మరుగా, కళ్లకి కనబడితే తప్ప మీ అనుమానం చావదు, అందుకే ఇలా చేశామని కూడా అంది. నా చేత ముద్దలు తినిపించినన్నాళ్లూ ఊరుకున్నాను, ఇప్పుడు మీ వంతు అంటూ డబ్బా మూత తీసింది. మళ్లీ సొరకాయే. మేస్త్రి వాసన చూడకుండా తిన్నాడు.

గరిటె ఆయన దగ్గరే ఉంది. నాలుక మాత్రం బావమరిదిది. మేస్త్రి స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంటాడు, బావమరిది జుర్రుతాడు, ఉప్పెక్కువైతే వాడి ఎడమ కనుబొమ్మ లేస్తుంది, తక్కువైతే కుడిది. వేలు ఎర్రబడటం బాగా తగ్గింది. దొడ్డివైపు వెళ్లేటప్పుడు గరిటెని వాడి చేతికే ఇచ్చి వెళుతున్నాడు.

కాకపోతే తిరిగొచ్చాక వాడి రెండు కనుబొమ్మలూ ఒకసారి దగ్గరగా, తేరిపార చూసుకుంటాడు. ఇంతలో ఇంకేదైనా కలిపాడేమోనని.