మీసం మీద మైనం

శంకరన్నకు రాణి వేషం దక్కింది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందన్న హుషారులో ఎమ్మిగనూరు సాలెవాళ్లు ఆ ఏడు జాతర నాటకం ఘనంగా వేయాలనుకున్నారు. ఎప్పుడూ రాణి వేసే మనిషికి గొంతు పోయింది. ఏళ్ల తరబడి బల్లెం పట్టుకుని రాజుగారి వాకిట్లో నోరు మెదపకుండా నిలబడ్డ శంకరన్న ఇంతకాలానికి నాలుగు మాటలు మాట్లాడే వేషానికి నోచుకున్నాడు. మగ్గం మీద కూర్చునే పద్యాలన్నీ నోటికి పట్టేశాడు. అడ్డమల్లా మీసమే.

తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. నున్నగా గీసిన మూతితో బజారుకెళ్తే, ముసలాయన ఎప్పుడు పోయాడని పరామర్శకు వచ్చేస్తారు. శంకరన్న తండ్రి రామన్న పోవడం మాట అటుంచి, పక్క మగ్గం మీద గుండ్రాయిలా కూర్చుని ఉన్నాడు.

"కత్తెర పెట్టుకో, వద్దనను. కత్తి మాత్రం పెట్టొద్దు. నేను సచ్చినంక గీసుకుందువులే" అన్నాడాయన.

ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం శంకరన్నకు లేదు. వేషం వదులుకునే మనసూ లేదు. ఇక దిక్కు ఆదోని గోవిందన్నే.

గోవిందన్న నాటకాల వాళ్లకు మొహాన రంగులు వేసే మనిషి. జాతర నాడు సాయంత్రం బస్సు దిగి, తెర వెనక గోనెపట్టా పరుచుకుని, రేకు డబ్బీ తెరిచాడు. తేనెమైనం, కొబ్బరినూనె, తెల్లపొడి, కాస్త ఎర్రటి జేగురుమన్ను కలిపి కాచి చల్లార్చిన రంగు అది. పుష్యమాసం చలికి పాతబెల్లంలా బిగుసుకుపోయింది.

"దీపం మీద పెడితే కరగదా అన్నా?" అన్నాడు శంకరన్న.

"కరుగుతాది. నూనె ఒక తట్టు, మైనం ఒక తట్టు పోతాది. మొగం నిండా సారలు పడతాయి. దీనికి సెయ్యే పొయ్యి."

గోవిందన్న గోటితో ఒక పెళ్ల గీకి ఎడమచేతి వెనక పెట్టుకుని, బొటనవేలితో తాపీగా నలిపాడు. ఒంటి వేడికి పెళ్ల మెత్తబడి మెరుపు తేలింది. అప్పుడు దాన్ని వేలి కొసలతో శంకరన్న బుగ్గల మీద చుక్కలుగా పెట్టి, రుద్దకుండా అద్దుతూ చెవుల దాకా, మెడ దాకా పరిచాడు. కత్తిరించిన మీసం మీద మాత్రం మైనం మందంగా మెత్తి, పైన రంగు అద్దాడు. మీసం కనిపించకుండా పోయింది.

"పైపెదవి ఎక్కువ కదిలీయొద్దు. మైనం సీలుతాది."

"ఏడ్సేది ఉంది కదన్నా."

"కండ్లతో ఏడువు. మూతితో ఏడవొద్దు."

శంకరన్న బుద్ధిగా తలూపాడు. కానీ గోవిందన్న దగ్గర కూర్చోకముందే అతనొక ఘనకార్యం చేసి ఉన్నాడు. పడుగు నూలు మీద పీచు లేస్తే సాలెవాడు గంజి పట్టించి అణుస్తాడు. నూలు మాట వినే గంజికి మీసం వినదా అనుకుని, ఇంట్లోనే మీసానికి చిక్కగా గంజి పట్టించి ఆరబెట్టుకుని వచ్చాడు. చెబితే గోవిందన్న కడిగేయమంటాడని చెప్పలేదు.

నాటకం మొదలైంది. శంకరన్న అడుగు పెట్టగానే ఆడవాళ్లు సైతం ముక్కున వేలేసుకున్నారు. రామన్న ముందు వరసలో చాప మీద చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

రాణి బిడ్డ కరువులో చనిపోయే ఘట్టం వచ్చింది. గొంతెత్తి పద్యం పాడాలి. గుడ్డల మూటను ఒళ్లోకి తీసుకోగానే శంకరన్నకు తల్లి గుర్తొచ్చింది. పద్యం మరిచిపోయాడు. కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం రాకుండా, ముందుకూ వెనక్కూ ఊగుతూ ఏడ్చాడు. జనం ఊపిరి బిగబట్టారు. కన్నీళ్లు బుగ్గల మీదుగా పెదవి దాకా దిగాయి. గంజి నానింది. దాని మీది మైనం పెచ్చులా లేచి ఊడిపడింది.

"రాణికి మీసమొచ్చెరా" అన్నారెవరో వెనక నుంచి. పందిరంతా నవ్వు. తెర దించేశారు.

గోవిందన్న ఊడిన పెచ్చును వేళ్లతో నలిపి చూశాడు. "కింద ఏం పూసినావప్పా?"

"గంజి."

"ఎంత పని చేస్తివి" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

నాటకం ఆడించే జయన్న కోపంతో ఊగిపోయాడు. "నువ్వింక బల్లెం పట్టుకోపో. మిగిలింది ఇంకొకరితో ఆడిస్తా." శంకరన్న సిగ్గుతో చచ్చిపోతూ గాజులు తీయడం మొదలుపెట్టాడు.

అప్పుడే రామన్న తెర తోసుకుని వచ్చాడు. తిట్లు తప్పవనుకున్నాడు శంకరన్న. తండ్రి వచ్చి ఎదురుగా గోనెపట్టా మీద చతికిలబడ్డాడు.

"ఆ ఏడుపు యాడ నేర్సినావు?"

"నేర్సలేదు నాయినా. తమ్ముడు పోయిన పొద్దు అమ్మ అట్లే ఏడ్సింది."

రామన్న గోనెపట్టా పీచు గిల్లాడు. "ఆ పొద్దు నేను ఇంట్లో లేను. నూలుకు పోయింటి. వచ్చేతలికి అంతా అయిపోయింది. మీయమ్మ నా ఎదురుగా ఎప్పుడూ ఏడ్సలేదు. ఎట్లా ఏడ్సిందో ఈ పొద్దు సూసినా."

ఆయన గోవిందన్న వైపు తిరిగాడు. "నీ కాడ కత్తి ఉందా అప్పా?"

"ఉంది."

"వీనికి గీసెయ్. నేను పోయేలోపల మళ్లీ మొలుస్తాదిలే."

జయన్న దీపం దగ్గరికి జరిపాడు. గోవిందన్న మీసం గీసేసి, మరో పెళ్ల గీకి చేతి మీద నలపసాగాడు. రంగు మెత్తబడినా వేయడానికి వీల్లేకపోయింది. శంకరన్న కళ్లు ఆగడం లేదు.

"తడి మీద పట్టదప్పా" అన్నాడు గోవిందన్న.

రామన్న భుజం మీది తువ్వాలు తీసి కొడుకు మొహం తనే తుడిచాడు. ఆ మొహం ఆరేదాకా అందరూ ఆగారు.