మామగారి చెయ్యి

“పులుసులో ఉప్పు పడిందా, లేక అదీ ప్రభుత్వం వద్దందా?” అన్నాడు ఒడెరా, మొక్కజొన్న పిండి ఉగాలి ముద్ద ముంచుతూ. “ఊళ్ళో అందరి గుండెలూ నీకు కావాలి. మొగుడి నాలుక మాత్రం అక్కర్లేదు.”

మాటకి మాట చెప్పే ఓపిక అపొండికి పొద్దున్నే ఇల్లిల్లూ తిరగడంలో అయిపోయింది. గుండెజబ్బును గుమ్మంలోనే పట్టుకోవాలని జిల్లావాళ్ళు ఊరికో మనిషిని పెట్టి, బీపీ మిషను చేతికిచ్చారు. మనిషంటే ఆడమనిషే. జీతం లేని పనికి మగవాళ్ళెవరొస్తారు? నీళ్ళు మోసి, మేకల్ని కట్టేసి, అందరి జబ్బలకూ పట్టీ చుట్టడానికి బయల్దేరుతుంది. “తలనొప్పి తగ్గింది న్యార్ అలెగో, అందుకే మాత్రలు మానేశా” అంటారు గొప్పగా. ఎన్నేళ్ళు చాకిరీ చేసినా కోడలికి పుట్టింటి ఊరి పేరే, ‘అలెగో వాళ్ళ పిల్ల’ అని.

ఒక్క చెయ్యి మాత్రం ఆమెకి అందదు. మామగారిది. కోడలు మామని తాకకూడదు. ఆయన చొక్కాలు ఉతకొచ్చు, కక్కుకుంటే నేల తుడవొచ్చు, విడిగా చప్పిడి కూర వండొచ్చు. మనిషిని ముట్టుకోకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారోగాని, చాకిరీకి అడ్డం రాకుండా భలే పెట్టారు.

ఆ మధ్యాహ్నం మామ ఒలాల్ గుండె పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. అపొండి మిషను తెచ్చి మొగుడికిచ్చింది.

“చొక్కా పైకి మడిచి, బిగించి చుట్టు.”

“ఇది ఆడవాళ్ళ పని” అని గొణుగుతూనే చొక్కా మీద వదులుగా చుట్టాడు. మిషను కీచుమని ఆగిపోయింది.

“పాడైపోయింది నీ మిషను. కాసేపు పడుకుంటే ఆయనే లేస్తాడు.”

అపొండికి కోపం కూడా రాలేదు, అంత అలసట. నడిచి వెళ్ళి మామగారి ముందు మోకరిల్లింది. చొక్కా చెయ్యి మడిచింది. ఎండిపోయిన జబ్బ, చల్లగా ఉంది. ముసలాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు గాని చెయ్యి లాక్కోలేదు.

“బుద్ధుందా? ఊరంతా చూస్తోంది” అన్నాడు ఒడెరా.

పట్టీ బిగించి, మిషను మీది అంకె చూడగానే ఆమె వీధిలోకి కేకేసి కిరాయి మోటారుసైకిలు బండిని ఆపింది. “మామని ఆసుపత్రికి తీసుకుపోతున్నా.”

“మరి రాత్రికి వంట?”

తండ్రి ఎలా ఉన్నాడని కూడా అడుగుతాడేమోనని ఒక్క క్షణం చూసింది. అడగలేదు. ముసలాయన్ని బండివాడి వెనక కూర్చోబెట్టి, తను ఆయన వెనకెక్కి, ఊరంతా చూస్తుండగా రెండు చేతులూ చుట్టి ఆయన్ని గుండెకి హత్తుకుంది.