అతకని అంటు

బడికి బేసిక్ స్కూలని బోర్డు మార్చినంత సులువుగా బసవపున్నారావు మేష్టారు మారలేకపోయాడు. ఇన్నేళ్ళూ ఆయనకు తెలిసిన చదువల్లా కాపీరాత, వల్లెవేయించడం, మాట వినకపోతే తొడపాశం. ఇప్పుడు పిల్లలకు చేతిపని నేర్పాలట, లెక్కలూ సైన్సూ ఆ పనిలోంచే చెప్పాలట. ఎలాగో మాత్రం ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళకు తెలిస్తేగా!

"ఈసారి బడిలో పిల్లల పని కనపడకపోతే మీరు పనికిరారని రాసేస్తాను" అని ఇనస్పెక్టరు వేసవికి ముందే తేల్చేశాడు. యాభై దాటిన మనిషి, ఈ ఉద్యోగం పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. తల బద్దలుకొట్టుకుని చివరికి మామిడి అంట్లు కట్టించడానికి పూనుకున్నాడు. చుట్టూ మామిడి తోటలే ఉన్న ఆగిరిపల్లి పిల్లలకు అంతకంటే దగ్గరి పని ఏముంది? తొలకరి పడగానే ఊళ్ళో రైతు బుచ్చయ్య తోటలో రసాల చెట్ల పక్కన కొమ్మలకు అందేలా మంచె వేసి, టెంక మొలకల కుండీలు పెట్టించాడు. పిల్లలు మొలకనూ చెట్టు కొమ్మనూ ఒక పక్క చెక్కి, రెంటినీ ఆనించి అరటినారతో కట్టారు. రెండు మూడు నెలలు ఆగి, అతుక్కున్నాకే కొమ్మను చెట్టు నుంచి కోయాలి; ముందే కోస్తే కొమ్మ ఎండిపోతుంది. పిల్లలకంటే మేష్టారే ఎక్కువ మురిసిపోయాడు.

నెల తిరక్కుండానే పక్కూరి సలోమోను మేష్టారు సైకిలు మీద వగరుస్తూ వచ్చాడు.

"రేపు పొద్దున్నే మీ బడికేనండీ ఇనస్పెక్టరు!"

"రేపా? అంట్లింకా అతకలేదండీ!"

"తోటకి తీసుకెళ్ళి చూపించండి."

"ఈ బురదలో ఆయన తోటదాకా వస్తాడంటారా?"

తెల్లవారుతూనే, బుచ్చయ్య లేవకముందే, మేష్టారు ముసురులో తోటకు వెళ్ళాడు. దేవుడా, ఈ ఒక్కసారికి, అనుకుంటూ కొమ్మలన్నీ కోసేసి, కుండీలు కావిట్లో బడికి మోసుకొచ్చాడు.

"అప్పుడే కోసేశారేంటండీ?" అంది నాలుగో క్లాసు దుర్గ. ఆ తోటలోనే కూలికెళ్ళే అచ్చమ్మ కూతురు.

"అతికాయిలే," అనేశాడు.

ఇనస్పెక్టరు వచ్చేసరికి ఆకులింకా నవనవలాడుతున్నాయి. అంటు ఎలా కట్టారో పిల్లలు గడగడా చెబుతుంటే ఆయన ముఖం విప్పారింది.

"భేష్ మాస్టారూ! మిగతా బళ్ళవాళ్ళకి కూడా మీరే నేర్పాలి. పిల్లలూ, ఎవరి మొక్క వాళ్ళింట్లో నాటుకోండి."

ఉద్యోగం నిలిచింది. ఆ రాత్రి మేష్టారికి అన్నం సహించలేదు.

వారం రోజులకు దుర్గ కొమ్మ ఎండిపోయిన మొక్కను ఒళ్ళో పెట్టుకుని బడి అరుగు మీద కూర్చుని ఉంది.

"అందరి అంట్లూ చచ్చిపోయాయండీ. కట్టు వదులై ఉంటుందని మా అమ్మ తిట్టింది. మీరు బాగానే చెప్పారండీ, నా చేతికే రాలేదు."

నువ్వు బాగానే కట్టావు తల్లీ, నేనే అతక్కముందే కోశాను. ఆ ఒక్క మాట అనాలి. అంటే ఊరంతా తెలుస్తుంది, ఇనస్పెక్టరు దాకా పోతుంది. మేష్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఈసారి ఇంకాస్త గట్టిగా కట్టుదువుగానిలేమ్మా," అన్నాడు.

దుర్గ బుద్ధిగా తలూపింది. కళ్ళు తుడుచుకుని, నార ఎలా బిగించాలో మళ్ళీ ఒక్కసారి చూపించమని అడిగింది.